పిల్లలచేత పొందికైన పేరా రాయించడం ఎలా?

ఒక విషయం ఇచ్చి "దీని గురించి ఒక పేరా రాయండి" అనగానే తరగతిలో చాలామంది వెంటనే కలం అందుకుంటారు. ఆ విషయం మీద గుర్తొచ్చిన మొదటి మాట మొదటి వాక్యమవుతుంది, రెండో మాట రెండో వాక్యమవుతుంది, ఎనిమిది పది వరుసలు నిండాక రాత ఆగిపోతుంది. అలా వచ్చిన పేరాలో అక్షరదోషాలు లేకపోవచ్చు, వాక్యాలు విడివిడిగా చూస్తే బాగానే ఉండవచ్చు, అయినా చదివినవారికి "ఇంతకీ ఏం చెప్పినట్టు?" అన్న ప్రశ్న మిగిలిపోతుంది. పిల్లలకు వాక్యం రాయడం రాకపోవడం వల్ల ఇలా జరగదు. ఏం చెప్పదలచుకున్నారో రాయడానికి ముందు తేల్చుకోకపోవడం వల్ల జరుగుతుంది. అందుకే ఇక్కడ వివరించే పద్ధతిలో సగానికి పైగా సమయం కలం పట్టకముందు జరిగే పనికే పోతుంది. పది, పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు దీన్ని ఐదారు పీరియడ్లలో నేర్పవచ్చు. ఒకే పీరియడ్‌లో ముగించాలని మాత్రం చూడవద్దు.

మొదటి మెట్టు: ఒక మంచి పేరాను విడదీసి చూపండి

"పేరా అనగా ఏమి?" అనే నిర్వచనంతో పాఠం మొదలుపెట్టకండి. ఒక చక్కని పేరాను తీసుకుని, దానిలోని వాక్యాలను విడివిడి కాగితపు ముక్కల మీద రాసి, కలిపేసి, నలుగురైదుగురు పిల్లలున్న ఒక్కో బృందానికి ఒక్కో కట్ట ఇచ్చి, వరుసలో పెట్టమనండి. పాఠ్యపుస్తకంలోని పేరా అయినా సరిపోతుంది, మీరే రాసినదైతే మరీ మంచిది. ఉదాహరణకు ఈ పేరా చూడండి:

"తేనెటీగలు పూల జాడను తోటి ఈగలకు నాట్యం ద్వారా తెలియజేస్తాయి. మకరందం పుష్కలంగా ఉన్న చోటును కనిపెట్టిన ఈగ పట్టుకు తిరిగివచ్చి, నిలువుగా ఉన్న పట్టు మీద పొట్టను ఊపుతూ కొంత దూరం తిన్నగా నడుస్తుంది. ఈ నడక నిలువు గీతకు ఎంత కోణంలో సాగుతుందో, పూలున్న చోటు సూర్యుడున్న దిక్కుకు అంత కోణంలో ఉంటుంది. పూలు ఎంత దూరంలో ఉంటే ఆ నడక అంత ఎక్కువసేపు సాగుతుంది. అందువల్ల దాన్ని గమనించిన ఈగలు, తాము అంతకుముందు ఎన్నడూ వెళ్ళని చోటుకు కూడా దారి తెలుసుకోగలుగుతాయి."

ఈ అయిదు వాక్యాలతోపాటు "తేనెను మనుషులు ప్రాచీన కాలం నుంచి ఆహారంగా వాడుతున్నారు" అనే ఆరో ముక్కను కూడా కట్టలో కలపండి. బృందాలు దాన్ని ఎక్కడ ఇరికించాలో తెలియక తడబడతాయి. ఒకరు మొదట పెడతారు, మరొకరు చివర పెడతారు. "ఈ ముక్కను పూర్తిగా తీసేస్తే ఏమైనా లోటు కనిపిస్తుందా?" అని అప్పుడు అడగండి. ఆ వాక్యం నిజమే, తేనెటీగల విషయానికి సంబంధించినదే, అయినా ఈ పేరాకు అక్కరలేదు, ఎందుకంటే ఈ పేరా తేనె గురించి కాక ఈగలు కబురు చెప్పుకునే తీరు గురించి రాసినది. నిజమైన ప్రతి మాటకూ పేరాలో చోటు ఉండనక్కరలేదన్న సంగతి పిల్లలకు ఇక్కడ కళ్ళకు కడుతుంది. మీరు ఎన్నిసార్లు నోటితో చెప్పినా ఇంత బాగా పట్టుబడదు.

కొంచెం చురుకైన తరగతి అయితే మరో ముక్క కూడా ఇవ్వండి: "ఆస్ట్రియా దేశీయుడైన శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది." ఇది ఉండాలా, పోవాలా అన్నది నిజంగా చర్చించదగిన ప్రశ్న. ఉన్నది ఉన్నట్టుగా పెడితే అతుకు వేసినట్టు తేలిపోతుంది. "ఈ సంకేతాల అర్థాన్ని విప్పిచెప్పిన శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1973లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఒకరు" అని మారిస్తే పై వాక్యాలతో ముడిపడుతుంది. సరిపోని సమాచారాన్ని తీసేయడం ఒక దారి అయితే, పేరా చెప్పే మాటకు అది ఎలా పనికొస్తుందో చూపడం మరో దారి అని పిల్లలు ఈ ఒక్క వాక్యంతో గ్రహిస్తారు.

రెండో మెట్టు: విషయం నుంచి మాటకు రప్పించండి

మొత్తం పద్ధతిలో కష్టమైనదీ, ముఖ్యమైనదీ ఇదే కాబట్టి ఇక్కడ ఒక పీరియడ్ ఎక్కువ పట్టినా వెనుకాడవద్దు. "నిద్ర" అన్నది విషయం. నిద్ర గురించి రాసేవారు ఏం చెప్పదలచుకున్నారన్నది మాట. ఆ మాటను ఒక పూర్తి వాక్యంగా రాయగలిగినప్పుడే పేరా మొదలవుతుంది. దీన్ని కీలక వాక్యం అనండి, ముఖ్య వాక్యం అనండి, తరగతిలో ఏదో ఒక పేరుకు కట్టుబడి ఉండండి.

కీలక వాక్యం పనికొస్తుందో లేదో పిల్లలే పరీక్షించుకోగలగాలి. అందుకు సులభమైన ఉపాయం ఒకటుంది: వాక్యాన్ని పైకి చదివి, వెంటనే "ఎలా?" అనో "ఎందుకు?" అనో అడగమనండి. "నిద్ర ఆరోగ్యానికి మంచిది" అన్న వాక్యాన్ని ఎందుకు అని అడిగితే ఒక పుస్తకమంత జవాబు రావాలి, అది ఒక పేరాలో ఇమడదు. "నిన్న నేను తొమ్మిది గంటలకు పడుకున్నాను" అన్న వాక్యాన్ని ఎందుకు అని అడిగితే "నిద్ర వచ్చింది కాబట్టి" అనే ఒక్క ముక్కతో కథ ముగుస్తుంది. "చదివిన పాఠం ఆ రాత్రి సరిగా నిద్రపోతే ఎక్కువ కాలం గుర్తుంటుంది" అన్న వాక్యానికి మాత్రం నాలుగైదు వాక్యాల జవాబు చెప్పవచ్చు. మొదటిది మరీ వెడల్పు, రెండోది మరీ ఇరుకు, మూడోది ఒక పేరాకు సరిపడా ఉంది. ఇలాంటి పది వాక్యాలు బోర్డు మీద రాసి, వెడల్పు, ఇరుకు, సరిపడినది అని మూడు వరుసలుగా విడదీయించండి. తర్వాత వెడల్పు వాక్యాలను కుదించమనండి, ఇరుకు వాక్యాలను విస్తరించమనండి. ఈ రెండో పనిని వదిలేస్తే పిల్లలు తప్పు పట్టడం వరకే నేర్చుకుంటారు, దిద్దడం నేర్చుకోరు.

కీలక వాక్యం పేరాకు మొదట్లోనే ఉండాలా అని కొందరు పిల్లలు అడుగుతారు, అడగడం మంచిదే. పేరాలో ఒకే అంశం ఉండాలని, అది ఆరంభంలోనే తెలియాలని చెప్పే నియమాలను స్కాట్లండ్‌కు చెందిన అలెగ్జాండర్ బెయిన్ 1866లో ప్రచురించిన పాఠ్యగ్రంథంలో సూత్రబద్ధం చేశాడు. ఆ తర్వాత అవి బడుల్లో స్థిరపడిపోయాయి. అయితే అమెరికా పత్రికల్లో వచ్చిన వ్యాసాలను పరిశీలించిన రిచర్డ్ బ్రాడక్, అటువంటి వాక్యంతో మొదలైన పేరాలు దాదాపు 13 శాతమేనని 1974లో చూపాడు. చేయి తిరిగిన రచయితలు ఆ వాక్యాన్ని మధ్యలో పెడతారు, చివర పెడతారు, ఒక్కోసారి పైకి చెప్పకుండానే చదువరికి అందేలా చేస్తారు. నేర్చుకునే దశలో మాత్రం మొదట్లోనే పెట్టించండి. రాసే పిల్లవాడికి ప్రతి వాక్యాన్నీ దానితో సరిచూసుకునే వీలు ఉంటుంది, దిద్దే మీకూ తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. పెద్ద రచయితలు అలా రాయరు కదా అని ఎవరైనా అంటే, వారు చెప్పేది నిజమేనని ఒప్పుకుని, ఇది అభ్యాసం కోసం పెట్టుకున్న నియమమని చెప్పండి.

మూడో మెట్టు: సగం పేజీ ప్రణాళిక

ప్రణాళిక అనగానే పెద్ద పట్టికలు, గీతలు, బాణాలు గీయించవలసిన పని లేదు. సగం పేజీ చాలు. పైన కీలక వాక్యం రాయించండి. దాని కింద, ఆ వాక్యం విన్న మనిషి అడగగల రెండు మూడు ప్రశ్నలు రాయించండి. ఆ ప్రశ్నలకు జవాబులుగా తోచినవన్నీ పూర్తి వాక్యాలుగా కాకుండా రెండు మూడు పదాల ముక్కలుగా రాయించండి. పూర్తి వాక్యాలు రాసిన పిల్లలకు వాటిని కొట్టివేయడానికి మనసొప్పదు, ముక్కలైతే నిస్సంకోచంగా కొట్టేస్తారు.

ఒకసారి మొత్తం నడిపి చూపండి. కీలక వాక్యం ఇది అనుకుందాం: "చెట్టు నీడ చల్లగా ఉండటానికి ఎండ తగలకపోవడం ఒక్కటే కారణం కాదు." తరగతి నుంచి వచ్చే ముక్కలు సాధారణంగా ఇలా ఉంటాయి: ఎండ పడదు, నేల వేడెక్కదు, పక్షులు వాలతాయి, ఆకుల నుంచి నీటి ఆవిరి, కూర్చుంటే హాయి, ఆవిరికి వేడి కావాలి, గోడ నీడలో అంత చల్లదనం లేదు, చెట్లు పెంచాలి. అన్నీ బోర్డు మీద రాసి, ఒక్కొక్క దాన్ని కీలక వాక్యం పక్కన పెట్టి చదివించండి. పక్షులు వాలడం చల్లదనానికి కారణం కాదు, కాబట్టి పోతుంది. కూర్చుంటే హాయి అన్నది ఫలితమే తప్ప కారణం కాదు. చెట్లు పెంచాలన్నది హితబోధ, అది వేరే పేరాకు కీలక వాక్యం కాగలదేమో గానీ ఇక్కడ ఇమడదు. గోడ నీడతో పోలిక మాత్రం చాలా విలువైనది, ఎందుకంటే నీడ ఒక్కటే కారణమైతే రెండు చోట్లా ఒకే చల్లదనం ఉండాలి కదా అన్న తర్కాన్ని అది ఒక్క దెబ్బతో నిలబెడుతుంది. ఇలాంటి ముక్కను ఇచ్చిన విద్యార్థిని తరగతి ఎదుట మెచ్చుకోండి.

తర్వాత మిగిలినవాటికి వరుస. కాలక్రమం, స్థలక్రమం, కారణం నుంచి కార్యానికి, తెలిసినదాని నుంచి తెలియనిదానికి అని వరుసలు రకరకాలు. వాటి పేర్లు బట్టీ పట్టించడం వల్ల ఉపయోగం లేదు. "దీని తర్వాత అది ఎందుకు?" అని ప్రతి ముక్క దగ్గరా అడగడం అలవాటు చేయండి. పై ఉదాహరణలో అందరికీ తెలిసిన కారణం, అంటే ఎండ పడక నేల వేడెక్కకపోవడం, ముందు రావాలి. గోడ నీడ పోలిక దాని వెనుక వచ్చి ఆ కారణం చాలదని చూపాలి. అప్పుడే ఆకుల నుంచి నీరు ఆవిరి కావడం, అందుకు చుట్టుపక్కల వేడిని తీసుకోవడం అనే అసలు సంగతికి చోటు ఏర్పడుతుంది. ముక్కల పక్కన 1, 2, 3 అని అంకెలు వేయిస్తే ప్రణాళిక పూర్తయినట్టే.

నాలుగో మెట్టు: ముందు నోటితో, తర్వాత చేతితో

ప్రణాళిక చేతిలో పెట్టుకుని ప్రతి విద్యార్థీ పక్కవారికి తన పేరాను నోటితో చెప్పాలి. వినేవారికి ఒక్కటే పని: ఎక్కడ అర్థం కాలేదో అక్కడ ఆపి అడగడం. రాసేటప్పుడు తట్టని ఖాళీలు మాట్లాడేటప్పుడు బయటపడతాయి, ఎందుకంటే ఎదుటి మనిషి ముఖం చూస్తూ చెప్పేటప్పుడు మధ్యలో మెట్టు దాటేస్తే వెంటనే తెలిసిపోతుంది. దీనికి పది నిమిషాలు చాలు. ఈ పది నిమిషాలు మిగుల్చుకుందామని అనుకుంటే తర్వాత దిద్దడంలో అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది.

రాయించేటప్పుడు పిల్లలను ఒక్కసారిగా వదిలేయకండి. మొదట మీరు బోర్డు మీద రాయండి, రాస్తూ మీ ఆలోచనను పైకి వినిపించండి: "ఈ మాట ఇక్కడ ముందే వచ్చేస్తోంది, వెనక్కి జరుపుతాను", "ఇది ఇంతకుముందే చెప్పాను, కొట్టేస్తాను". కొట్టివేతలు, మార్పులు పిల్లల కంటపడటం చాలా అవసరం. తప్పులేని ప్రతిని మాత్రమే చూసిన పిల్లలు మంచి రాత ఒకేసారి వచ్చేస్తుందని నమ్ముతారు. మరుసటి పేరాను తరగతి అంతా వాక్యాలు చెబుతుంటే మీరు బోర్డు మీద ఎక్కించండి. ఆ తర్వాతిది జంటలుగా, చివరికి ఎవరికి వారు. ఉపాధ్యాయుడి భారం క్రమంగా విద్యార్థి మీదికి మారే ఈ పద్ధతిని పఠన బోధన సందర్భంలో పియర్సన్, గాలగర్ అనే పరిశోధకులు 1983లో వివరించారు, రాతకూ అది చక్కగా పనికొస్తుంది.

ఐదో మెట్టు: వాక్యాన్ని వాక్యంతో ముడివేయడం

పొందిక అనగానే "అంతేకాక, అయితే, అందువల్ల, కాబట్టి" వంటి మాటల పట్టికను గోడకు అంటించడం పరిపాటి. ఆ పట్టిక వల్ల మేలెంతో కీడూ అంత ఉంది. ప్రతి వాక్యం ముందూ "అంతేకాక" తగిలించి, వాక్యాల మధ్య సంబంధం ఏర్పడిందని పిల్లలు అనుకుంటారు. కారణం లేని చోట "అందువల్ల" రాసినవారిని "దేనివల్ల?" అని అడగండి. చెప్పలేకపోతే ఆ మాట తీసేయించండి.

అంతకంటే గట్టి ముడి వేరే ఉంది. ఒక వాక్యం చివర వచ్చిన కొత్త సంగతిని తర్వాతి వాక్యం మొదట్లో తెలిసిన సంగతిగా అందుకుంటే, సంధానపదం లేకుండానే రెండూ అతుక్కుంటాయి. "ఆకుల మీద ఉన్న సన్నని రంధ్రాల గుండా నీరు ఆవిరిగా బయటికి పోతుంది. ఆ నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని అది ఆకుల నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి తీసుకుంటుంది." ఇందులో ప్రతి వాక్యమూ ముందు వాక్యం విడిచిన కొసను పట్టుకుని మొదలైంది. నేర్పేటప్పుడు ఆ కొసలకు రంగు పెన్సిల్‌తో గీతలు గీయించండి, గీత తెగిన చోట పేరా తెగినట్టు.

సర్వనామాల దగ్గర జాగ్రత్త అవసరం. "చెట్టు నీడ నేల మీద పడుతుంది. అది వేడెక్కదు." వేడెక్కనిది నీడా, నేలా? "ఆ నేల వేడెక్కదు" అని నామపదాన్ని మళ్ళీ వాడితే సందేహం తీరుతుంది. పునరుక్తి దోషమని భయపడి అస్పష్టతను కొనితెచ్చుకోవద్దని చెప్పండి. అలాగే చిన్న వాక్యాలను "చేసి, చూసి, వచ్చి" వంటి అసమాపక క్రియలతో కలిపేటప్పుడు కర్త ఒకరేనా అని చూసుకోవాలి. "ఉపాధ్యాయుడు ప్రశ్న అడిగి విద్యార్థి జవాబు చెప్పాడు" అనకూడదు, "ఉపాధ్యాయుడు అడిగితే విద్యార్థి జవాబు చెప్పాడు" అనాలి. వాక్యాలను కలిపి రాయించే అభ్యాసానికి వారానికి కొంత సమయం కేటాయించడం దండగ కాదు. స్టీవ్ గ్రేహమ్, డొలోరెస్ పెరిన్ అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించి 2007లో ప్రకటించిన నివేదికలో, వ్యాకరణాన్ని విడిగా బోధించడం వల్ల రాత మెరుగుపడలేదని, వాక్యాలను కలపడం సాధన చేయించడం, ప్రణాళిక వేసుకోవడం, సవరించుకోవడం వంటి పద్ధతులను స్పష్టంగా నేర్పించడం మాత్రం మేలు చేశాయని తేలింది.

చివరి వాక్యం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఏ పేరా అయినా "కాబట్టి మనమందరం పాటించాలి" అని ముగించే అలవాటును మాన్పించండి. మొదటి వాక్యాన్నే తిప్పి రాయడం కూడా ముగింపు కాదు. అంతవరకు చెప్పినదాని నుంచి ఏం తేలిందో చెప్పగలిగితే చెప్పాలి, లేకపోతే ఆఖరి వివరంతోనే ఆపేయాలి.

ఆరో మెట్టు: మూడు చదువులతో సవరణ

"మళ్ళీ ఒకసారి చూసుకోండి" అంటే పిల్లలు ఒత్తులు, దీర్ఘాలు మాత్రమే చూస్తారు. కాబట్టి ఏం చూడాలో విడివిడిగా చెప్పండి. మొదటి చదువులో ప్రతి వాక్యం పక్కన, అంచులో, ఆ వాక్యం చేసే పనిని రెండు మూడు పదాల్లో రాయించండి: కీలక మాట, తెలిసిన కారణం, పోలిక, అసలు కారణం, వివరణ, ఫలితం. రెండు వాక్యాల పక్కన ఒకే పని వస్తే వాటిని కలపాలి. ఏ పనీ రాయలేకపోతే ఆ వాక్యాన్ని కొట్టేయాలి. "పోలిక" ఉందని అనుకున్న చోట అది నిజానికి కొత్త విషయమని తేలితే, అది మరో పేరాకు విత్తనమని ప్రణాళిక పేజీ వెనుక రాసి ఉంచుకోవాలి. రెండో చదువులో వరుసను, ముడులను చూడాలి. మూడో చదువులోనే అక్షరదోషాలు, విరామ చిహ్నాలు. ఈ వరుస తారుమారైతే, రేపు కొట్టేయబోయే వాక్యంలో ఒత్తులు దిద్దుతూ పిల్లలు కాలం గడుపుతారు.

మీరు దిద్దేటప్పుడు కూడా ఇదే వరుస పాటించండి. మొదటి చిత్తుప్రతి మీద ఎర్ర గీతలు గీయకుండా ఒకే ఒక్క ప్రశ్న రాయండి: "మూడో వాక్యం కీలక వాక్యానికి ఎలా పనికొస్తోంది?" అన్నంత స్పష్టంగా ఉండాలి ఆ ప్రశ్న. "ఇంకా బాగా రాయాలి" అన్న వ్యాఖ్య వల్ల విద్యార్థికి చేయవలసిన పని ఏదీ తెలియదు. మార్కులు ఇవ్వవలసి వస్తే ప్రణాళికకూ, సవరణకూ కూడా కొన్ని కేటాయించండి, లేకపోతే తుది ప్రతి ఒక్కటే లెక్క అని పిల్లలు గ్రహించి మిగతా మెట్లన్నీ దాటేస్తారు.

రాయడానికి బాగా ఇబ్బంది పడే పిల్లలకు కీలక వాక్యాన్ని మీరే ఇచ్చి, మిగతా పేరా వారిచేత పూర్తి చేయించండి. మరికొందరికి ముక్కల జాబితా ఇచ్చి, అక్కర లేనివి కొట్టేసి వరుస పెట్టడం వరకే అడగండి. ఇలా ఒక మెట్టు భారం తగ్గిస్తే వారు మిగతా మెట్ల మీద శ్రద్ధ పెట్టగలుగుతారు. సాయం ఇచ్చినంత శ్రద్ధగానే దాన్ని క్రమంగా తగ్గించడం కూడా గుర్తుంచుకోవాలి. నెల తర్వాత కూడా కీలక వాక్యం మీ నుంచే రావాలని ఎదురుచూసే పిల్లవాడికి రెండు వాక్యాలు ఇచ్చి ఒకటి ఎంచుకోమనండి, తర్వాత ఒక విషయం ఇచ్చి మూడు వాక్యాలు తననే రాసుకుని ఒకటి ఎంచుకోమనండి.

తరగతిలో చాలామంది ఒక పేరాను సొంతంగా నిలబెట్టగలుగుతున్నారని అనిపించినప్పుడు, ప్రణాళిక పేజీ వెనుక రాసిపెట్టుకున్న విత్తనాలను బయటికి తీయించండి. చెట్టు నీడ పేరా రాసిన విద్యార్థి పక్కన పెట్టిన "చెట్లు పెంచాలి" అన్న ముక్కను ఇప్పుడు "ఎక్కడ పెంచితే ఎక్కువ చల్లదనం వస్తుంది?" అన్న ప్రశ్నగా మార్చి, దానికి కొత్త కీలక వాక్యం రాసి, మొదటి పేరా చివరి మాటను రెండో పేరా మొదటి వాక్యంలో అందుకునేలా చేయమనండి. వ్యాసరచన పాఠాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.